అద్దం ముందు నుంచి రాడ్డు కిందికి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా అడిగింది ఒక్కటే: కండ కోసం చేసే కసరత్తును వదిలి బలం కోసం చేసే సాధనలోకి మారడం ఎలా? మొదటి ఉత్తరానికి జవాబు బాగా పెద్దదైంది. మిగతా ముగ్గురికి కావలసిన సంగతులు కూడా చాలావరకు అందులోనే ఉన్నాయి కనుక వారు దానిని ముందుగా చదవాలని కోరుతున్నాను. జిమ్ముకు కొత్తవారి కోసం ఒక మాట: స్క్వాట్ అంటే రాడ్డును వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం, బెంచ్ ప్రెస్ అంటే బల్ల మీద పడుకుని రాడ్డును ఛాతీ మీది నుంచి పైకి నెట్టడం, డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా నిలబడడం. ఒక్కసారి చేస్తే ఒక రెప్పు, ఆపకుండా వరుసగా చేసిన రెప్స్ అన్నీ కలిసి ఒక సెట్టు.

ప్రశ్న: సార్‌కు నమస్కారం. నా వయసు 27. హన్మకొండ నయీంనగర్‌లో ఉంటాను, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్లు చూస్తాను. ఐదేళ్లుగా బాడీబిల్డింగ్ చేస్తున్నాను, జిల్లా స్థాయి దేహదారుఢ్య పోటీల్లో రెండుసార్లు స్టేజీ ఎక్కాను. ప్రస్తుతం 82 కిలోలున్నాను. రెండోసారి పోటీకి ముందు మూడు నెలలు కడుపు మాడ్చుకుని, చివరి రెండు రోజులు నీళ్లు కూడా మానేశాను. స్టేజీ దిగిన తరువాత మెట్లెక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మొన్న ఊరికి పోయినప్పుడు వడ్ల బస్తాలు ఎత్తడంలో మా బాపు కంటే నేనే ముందు అలసిపోయాను. ఇక అద్దం కోసం కాకుండా బలం కోసమే సాధన చేయాలని అనిపిస్తున్నది. బెంచ్ ప్రెస్ 100 కిలోలతో 5 రెప్స్, స్క్వాట్ 90 కిలోలతో 8 రెప్స్ చేస్తాను. డెడ్‌లిఫ్ట్ నడుముకు మంచిది కాదని ఎవరో చెబితే ఎన్నడూ సరిగా చేయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఉన్న కండ కరిగిపోతుందని స్నేహితులు భయపెడుతున్నారు, నిజమేనా? పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లే వీలుంటుందా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వడ్ల బస్తా గురించి మీరు రాసిన వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉన్నది. మీ బాపు కండ మీ కండ కంటే చిన్నదే కావచ్చు, కానీ బస్తా ఎత్తడం ఆయన ఒంటికి ఏళ్ల తరబడి అలవాటైన పని. బలం కొంతవరకు కండ ఎంత లావున్నదన్న దాని మీద, కొంతవరకు ఆ కండను నరాలు ఎలా పనిలోకి దింపుతాయన్న దాని మీద ఆధారపడుతుంది. బరువు మీద చేయి వేసిన క్షణంలో మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ ఎన్ని కండర తంతువులను ఒక్కసారిగా కదిలించగలుగుతున్నది, అది ఎంత వేగంగా వెంటవెంటనే అందుతున్నది, ఏ కండ బిగుసుకోవాలో ఏది సడలాలో ఒంటికి ఎంత బాగా తెలుసు అన్నవి సాధనతో మెరుగయ్యేవే. అయితే ఏ పనిని సాధన చేస్తే ఆ పనికే అవి ఎక్కువగా మెరుగవుతాయి. కేబుల్ పట్టుకుని 12 రెప్స్ లాగినవారికి అదే పనిలో నేర్పు వస్తుంది, నేల మీది బరువును ఒక్క ఊపున లేపే నేర్పు దానంతట అది రాదు.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల తరగతిలో పోటీ చేసిన టర్కీ వెయిట్‌లిఫ్టర్ నయీం సులేమానోగ్లు 190 కిలోలను క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, అక్కడి నుంచి పైకి లేపే పద్ధతిలో, తల మీదికి లేపాడు. అది తన బరువుకు మూడింతల కంటే ఎక్కువ. మామూలు చొక్కా వేసుకుని మన పక్కన నిలబడితే అతనిలో అంత బలమున్నదని ఎవరూ అనుకోరు. మరోవైపు, 1998 నుంచి 2005 వరకు వరుసగా ఎనిమిదిసార్లు బాడీబిల్డింగ్‌లో అతిపెద్ద బిరుదైన మిస్టర్ ఒలింపియా గెలిచిన రోనీ కోల్‌మన్ 800 పౌండ్లు, అంటే దాదాపు 363 కిలోలు, డెడ్‌లిఫ్ట్ చేశాడు. 1976లోనూ 1981లోనూ అదే బిరుదు గెలిచిన ఫ్రాంకో కొలంబు కూడా పవర్‌లిఫ్టింగ్ తెలిసినవాడే. కండకూ బలానికీ మధ్య గోడ లేదని చెప్పడానికే ఈ పేర్లు తీసుకున్నాను. మీరు ఐదేళ్లు పెంచిన కండ వృథా పోలేదు, దానిని పెట్టుబడి అనుకోండి. దానిని వాడే విద్య ఒక్కటే ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

కనుక కండ కరిగిపోతుందన్న భయం వద్దు. కడుపునిండా తింటూ బరువైన సెట్లు చేసేవారికి కండ నిలుస్తుంది, తొడల్లోనూ వీపులోనూ పెరుగుతుంది కూడా. కాకపోతే ఎక్కువ రెప్స్, తక్కువ విరామంతో చేసినప్పుడు కండలో కనిపించే ఆ ఉబ్బు, మీరు పంప్ అని పిలుచుకునేది, తగ్గుతుంది. పొట్ట మీది గీతలు కూడా కొంత మసకబారవచ్చు. మొదటి రెండు నెలల్లో చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. అద్దంలో తేడా చూసి దిగులుపడి, ‘ఒక నెల కటింగ్ చేసి వస్తాను’ అని, అంటే తిండి తగ్గించి కొవ్వు కరిగించుకుంటామని, వెళ్లినవారు మళ్లీ బలం సాధనలోకి రావడం నేను అరుదుగానే చూశాను. అందుకే మొదటి రోజే ఒక నోటుబుక్కు కొనుక్కోమంటాను. తేదీ, బరువు, సెట్లు, రెప్స్, చివరి రెప్పు ఎంత కష్టంగా లేచిందన్నది అందులో రాయండి. ఇకమీదట మీ ఎదుగుదలను ఆ పుస్తకంలోనే చూసుకోవాలి.

ఒక పొరపాటును ముందే తొలగించుకుందాం. వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్ అన్నవి రెండు వేర్వేరు క్రీడలు. మొదటిది ఒలింపిక్స్‌లో ఉన్నది, అందులో బరువును తల మీదికి లేపుతారు. మీరడిగిన రెండోదానిలో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అనే మూడు లిఫ్టులుంటాయి. ఒక్కొక్కదానికి మూడు అవకాశాలిస్తారు, మూడింటిలోని మేలైన బరువులను కలిపి మొత్తం చూస్తారు. మీ సాధన అంతా ఇక ఈ మూడింటి చుట్టూ తిరగాలి. చెస్ట్ డే, బైసెప్స్ డే అని ఒంటిని ముక్కలుగా పంచుకున్న పాత పట్టిక పక్కన పెట్టండి.

మొదలుపెట్టే ముందు మీ జిమ్ములో ఉన్న రాడ్డును తూకం వేయించండి. పోటీ బార్ 20 కిలోలుంటుంది, మన ఊళ్ల జిమ్ముల్లో అన్ని రాడ్లూ అలా ఉండవు. ప్లేట్ల మీద రాసిన అంకెలను కూడా గుడ్డిగా నమ్మకండి. ఆ తరువాత మీ ప్రస్తుత బలాన్ని లెక్క వేసుకోవాలి. ఒక్క రెప్పులో ఎంత లేపగలరో తెలుసుకోవడానికి ఇప్పుడే పెద్ద బరువు మీద పడనవసరం లేదు. చేసిన రెప్స్‌ను 30తో భాగించి, దానికి 1 కలిపి, వచ్చినదాన్ని బరువుతో గుణించండి. 100 కిలోలతో 5 రెప్స్ అంటే మీ బెంచ్ ప్రెస్ సుమారు 117 కిలోలు. అందులో పదో వంతు తగ్గించి, 105ను ఆధారంగా పెట్టుకుని లెక్కలు వేయండి. ఆ తగ్గించిన పదో వంతే రాబోయే మూడు నెలలు మీ కీళ్లను కాపాడుతుంది.

స్క్వాట్ సంగతి వేరు. మీరు 90 కిలోలతో 8 రెప్స్ అని రాశారు, ఎంత లోతుకు దిగుతున్నారో రాయలేదు. తొడ మొదట్లో, తుంటి మడత పడే చోటు, మోకాలి పైభాగం కంటే కిందికి దిగితేనే పోటీలో ఆ లిఫ్టు చెల్లుతుంది. బాడీబిల్డింగ్ నుంచి వచ్చినవారిలో ఎక్కువమంది దానికి జానెడు పైనే ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. పక్క నుంచి ఫోనులో వీడియో తీయించుకోండి. లోతు చాలకపోతే మొహమాటపడకుండా 60 కిలోలకు దిగండి. పాత తాలీంఖానాల్లో బస్కీలు తీసినవారు మడమలకు పిరుదులు తగిలేదాకా కూర్చునేవారు. ఆ అలవాటు మనకు కొత్తది కాదు, లెగ్ ప్రెస్ మిషన్లు వచ్చాక మరిచిపోయాం, అంతే.

బరువు కింద ఊపిరి పట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే ఒకరోజు పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లండి. లారీకి బస్తాలెత్తే హమాలీలను పది నిమిషాలు నిలబడి చూడండి. బస్తా వీపు మీదికి రాకముందే పాదాలు ఎడం చేసి నేలను గట్టిగా పట్టుకుంటారు. నోటితో నిండుగా ఊపిరి పీల్చి, తువ్వాలు చుట్టిన నడుము చుట్టూ పొట్టను బిగిస్తారు. బరువు మీద పడ్డాక మొదటి అడుగు చిన్నగా వేస్తారు, ఊపిరి అప్పుడు వదలరు. స్క్వాట్ కూడా అచ్చంగా ఇదే. రాడ్డు కిందికి వెళ్లి, దానిని మెడ మీద కాకుండా వీపు పైభాగపు కండ మీద ఆనించి, రెండు అడుగులు మాత్రమే వెనక్కి వేసి నిలబడండి. అప్పుడు ఊపిరిని ఛాతీలోకి కాక పొట్టలోకి, పక్కటెముకల కిందికి, నడుము వెనక్కి కూడా నింపుకోండి. ఎవరో కడుపులో గుద్దబోతున్నారన్నట్టు బిగించి దిగండి, లేచిన తరువాతే వదలండి. ఛాతీ విరిచి, పొట్ట లోపలికి పీల్చి అద్దం ముందు నిలబడే అలవాటు మీకు ఐదేళ్లుగా ఉన్నది. ఇది దానికి సరిగ్గా ఎదురు కనుక ఖాళీ రాడ్డుతో రెండు వారాలు దీని మీదే గడపండి.

డెడ్‌లిఫ్ట్ నడుముకు మంచిది కాదన్న మాటలో ఒక చిన్న నిజమున్నది. వంగిన వీపుతో, తొందరగా, తగని బరువుతో చేస్తే ఏదీ నడుముకు మంచిది కాదు. పోటీ ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే రాడ్డు నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ జిమ్ములోని 10 కిలోల ప్లేట్లు అంతకంటే చిన్నవైతే రాడ్డు మరీ కిందికి వస్తుంది, దానిని అందుకోవడానికి నడుము వంచక తప్పదు. అటువంటప్పుడు రెండు వైపులా కింద చెక్క దిమ్మెలు గాని, పాత ప్లేట్లు గాని పెట్టి ఎత్తు సరిచేసుకోండి. రాడ్డు పాదం నడిమి భాగానికి పైన ఉండాలి, పిక్కలకు దాదాపు తగులుతూ లేవాలి. రాడ్డును లాగుతున్నామని కాక, కాళ్లతో నేలను కిందికి నొక్కుతున్నామని భావించండి. 60 కిలోలతో మొదలుపెట్టి, వీపు నిటారుగా నిలిచినంతకాలం వారానికి ఐదేసి కిలోలు పెంచుకోవచ్చు.

బెంచ్ ప్రెస్ మీకు తెలిసిన లిఫ్టే అయినా అందులో రెండు మార్పులున్నాయి. పోటీలో రాడ్డు ఛాతీకి తగిలి కదలకుండా నిలిచిన తరువాతే రెఫరీ ‘ప్రెస్’ అంటాడు, ఛాతీ మీద ఎగిరించి లేపినది చెల్లదు. చివర మోచేతులు పూర్తిగా చాపాలి. కండ మీద ఒత్తిడి పోకూడదని సగంలోనే ఆపే అలవాటు బాడీబిల్డింగ్‌లో చాలామందికి ఉంటుంది. ఛాతీ మీద ఒక్క క్షణం ఆపి లేపడం మొదలుపెట్టగానే మీ 100 కిలోలు 90కి పడిపోవచ్చు. కంగారు పడకండి, అది మీ అసలు లెక్క.

వారానికి నాలుగు రోజులు చాలు. సోమవారం స్క్వాట్, మంగళవారం బెంచ్, గురువారం డెడ్‌లిఫ్ట్, శనివారం తేలికైన స్క్వాట్‌తో పాటు మరోసారి బెంచ్ చేయండి. మొదటి నాలుగు వారాలు మీ ఆధార బరువులో 70 నుంచి 75 శాతంతో ఐదేసి రెప్స్ చొప్పున నాలుగైదు సెట్లు చేయండి. మీ బెంచ్‌కు అది సుమారు 75 నుంచి 80 కిలోలు. తరువాతి నాలుగు వారాలు 80 నుంచి 85 శాతంతో మూడేసి రెప్స్, ఆ పైన మూడు వారాలు 87 నుంచి 92 శాతంతో రెండేసి, ఒక్కొక్క రెప్పు చేయండి. పన్నెండో వారం సగం పని మాత్రమే చేసి ఒంటికి విశ్రాంతినిచ్చి, ఆ తరువాత కొత్త బరువులు పరీక్షించుకోండి. ప్రతి సెట్టులోనూ ఇంకొక రెప్పు చేయగలిగే స్థితిలోనే ఆపాలి. పాత పద్ధతిలో చేతులు పడిపోయేదాకా చేస్తేనే పని జరిగినట్టు. ఇందులో అలా చేస్తే రేపటి సాధన పాడవుతుంది. ప్రధాన లిఫ్టు అయ్యాక రోయింగ్, పుల్‌అప్స్, తొడ వెనక భాగానికి, భుజం వెనక భాగానికి, ట్రైసెప్స్‌కు మీకు తెలిసిన వ్యాయామాలు రెండు మూడు ఉంచుకోండి. అవి కీళ్లను సమంగా నిలుపుతాయి.

విరామం విషయంలో మీరు మొండిగా ఉండాలి. బరువైన సెట్టు తరువాత మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చోండి. అంత పెద్ద బరువును కొద్ది క్షణాల్లో లేపడానికి కండ వాడుకునే ఇంధనం, ఫాస్ఫోక్రియాటిన్, తిరిగి పూర్తిగా నిండడానికి అంత సమయం పడుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కిక్కిరిసిన జిమ్ములో ర్యాక్ (రాడ్డు ఆనించే స్టాండు) పక్కన ఐదు నిమిషాలు ఊరకే కూర్చుంటే నలుగురూ ఒకమాట అంటారు. వీలైతే తెల్లవారుజామున వెళ్లండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద సాయంత్రం సాధన చేస్తే ఆ వేడికే సగం బలం పోతుంది కనుక ఆ రెండు నెలలైనా పొద్దున్నే చేయడం మేలు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు అదే దారిలో ఉన్నారు కనుక. నేను కూడా దేహదారుఢ్యం నుంచే ఇటు వచ్చాను. తొడలు, వీపు అప్పటికే లావుగా ఉన్నందువల్ల మొదటి ఆరు వారాల్లో డెడ్‌లిఫ్ట్ బరువు చెప్పలేనంత వేగంగా పెరిగింది. వారానికి పది కిలోలు కలుపుతూ పోయాను, పక్కనున్నవారు ఇంకొక ప్లేటు వేయమంటే వేశాను. ఎనిమిదో వారం ఒక ఉదయం నాలుగో సెట్టులో రాడ్డు మోకాళ్ల దగ్గరికి రాగానే నడుము కింది భాగంలో తాడు తెగినట్టయింది. మూడు వారాలు చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి మా అమ్మ సాయం చేసింది. మళ్లీ రాడ్డు ముట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. కండ, నరాలు వారాల్లో మారతాయి, కానీ కండను ఎముకకు కట్టే స్నాయువులు గట్టిపడడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే వాటికి రక్తం అందేది తక్కువ. కొత్తగా మొదలుపెట్టినవారికి ఆ ప్రమాదం తక్కువ, వారి కండకే అంత బరువు లేపే శక్తి ఉండదు. మీకు కండ సిద్ధంగా ఉన్నది, స్నాయువులు సిద్ధంగా లేవు. అందుకే మీకు మిగతావారి కంటే నెమ్మది అవసరం. బరువు తేలికగా అనిపించినా పట్టికలో ఉన్నంతే వేయండి. మోచేయి లోపలి వైపు గాని, మోకాలి చిప్ప కింద గాని పొద్దున లేవగానే నొప్పి ఉంటే ఆ వారం బరువు తగ్గించండి.

పోటీల గురించి. అంతర్జాతీయ సమాఖ్య లెక్కల్లో పురుషులకు 74, 83, 93 కిలోల తరగతులున్నాయి. మీరు 82 కిలోలున్నారు కనుక బరువు తగ్గకుండా, పెరగకుండా 83లో నిలబడవచ్చు. తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది, అందువల్ల నీళ్లు మాని బరువు దించుకుంటే ఆ నష్టం తీరకముందే స్క్వాట్ చేయవలసి వస్తుంది. దయచేసి ఆ పని మళ్లీ ఎప్పుడూ చేయకండి. ముగ్గురు రెఫరీలుంటారు, ఇద్దరు తెల్ల దీపం వెలిగిస్తేనే లిఫ్టు చెల్లుతుంది. ఏదైనా ఒక లిఫ్టులో మూడు అవకాశాలూ పోతే మొత్తమే లెక్కలోకి రాదు. కాబట్టి మొదటి ప్రయత్నానికి జిమ్ములో మూడు రెప్స్ చేయగల బరువునే అడగండి. ఒక ఏడాది సాధన తరువాత జిల్లా పోటీకి వెళ్లండి, మొదటిసారి తొమ్మిది లిఫ్టులూ చెల్లించుకుని రావడమే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇంకొక మాట మీరు అడగలేదు, అయినా చెప్పాలి. స్టేజీ కోసం తయారయ్యే కుర్రవాళ్లకు ఇంజెక్షన్లు అమ్మేవారు మన ఊళ్లలో ఉన్నారు. మీరు వాడి ఉంటే వైద్యునికి దాచకుండా చెప్పి, రక్తపరీక్షలు చేయించుకుని, ఆయన పర్యవేక్షణలోనే మానేయండి. డోపింగ్ పరీక్షలున్న పోటీల్లో పట్టుబడితే నిషేధం పడుతుంది. గుండెకూ కాలేయానికీ జరిగే నష్టం దానికంటే పెద్దది.

ప్రశ్న: నేను నర్సంపేట నుంచి వచ్చి వరంగల్‌లో చదువుకుంటున్న విద్యార్థిని. బరువు 64 కిలోలు. మా ఇంట్లో మాంసం తినరు, గుడ్డు వరకు అభ్యంతరం లేదు. ప్రొటీన్ పౌడర్ కొనే స్తోమత లేదు. బలం కోసం సాధన చేయవచ్చునా?
— ఒక విద్యార్థి

జవాబు: నిశ్చింతగా చేయవచ్చు. మీ బరువులో ప్రతి కిలోకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ చాలు, అంటే రోజుకు సుమారు 102 నుంచి 128 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. 100 గ్రాముల మీల్‌మేకర్‌లో 50 గ్రాములకు పైగా, అంతే పల్లీల్లో 25 గ్రాముల దాకా, అర లీటరు పాలలో 16 గ్రాముల వరకు ఉంటుంది. నాలుగు గుడ్లు, 60 గ్రాముల మీల్‌మేకర్ కూర, అర లీటరు పాలు, రెండు పూటలా గట్టి పప్పు, గుప్పెడు పల్లీలు, పెరుగు కలిస్తే మీ లెక్క నిండుతుంది. హాస్టల్లో నీళ్ల పప్పు పోస్తే లెక్క తప్పుతుంది కనుక ఉడికించిన శెనగలు గాని, మొలకెత్తిన పెసర్లు గాని గదిలో పెట్టుకోండి. బాడీబిల్డర్లను చూసి అన్నం, జొన్నరొట్టె మానకండి, బరువైన సెట్లకు అవే ఆధారం. డబ్బు మిగిలితే కొనదగినది క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు సరిపోతుంది, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగాలి.

ప్రశ్న: కరీంనగర్‌లో టీచరుగా పనిచేస్తున్నాను. వయసు 33, ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా జిమ్ముకు వెళ్లి చిన్న డంబెల్స్‌తో చేస్తున్నాను. పెద్ద బరువులు ఎత్తాలని ఉన్నది, కానీ ఒళ్లు మగవాళ్ల మాదిరి తయారవుతుందని మా అత్తమ్మ వద్దంటున్నారు. జిమ్ములో కూడా ఆడవాళ్లను ర్యాక్ వైపు రానివ్వరు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మగవారిలో కండను పెంచే టెస్టోస్టిరాన్ ఆడవారిలో దానికంటే ఎన్నో రెట్లు తక్కువగా ఉంటుంది కనుక, మీ అత్తమ్మగారు భయపడే మార్పు బరువులెత్తినందువల్ల రాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో (నేల మీది నుంచి ఒక్క ఊపున తల మీదికి లేపడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు లేపి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన తెలుగు ఆడబిడ్డ అని అత్తమ్మగారికి చెప్పండి, ఆ ఫోటో కూడా చూపించండి. ఆడవారికి ఈ సాధనతో ఇంకొక మేలున్నది: బరువు మోసిన ఎముక గట్టిపడుతుంది, నెలసరి ఆగిన తరువాత వచ్చే ఎముకల బలహీనతకు ఇప్పటి నుంచే అడ్డుకట్ట పడుతుంది. ఖాళీ రాడ్డుతో స్క్వాట్, 30 కిలోలతో డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టి, ప్రతి వారం రెండున్నర కిలోల చొప్పున పెంచండి. కాన్పుల తరువాత బరువెత్తినప్పుడు మూత్రం జారడం గాని, పొట్ట మధ్యలో ఉబ్బడం గాని ఉంటే ముందు వైద్యురాలిని కలవండి. సిగ్గుపడి దాచుకోవలసిన విషయం కాదది, సరైన వ్యాయామంతో చాలామందికి నయమవుతుంది. ఇక ర్యాక్ వైపు రానివ్వకపోవడం అన్యాయం. మీరు కట్టే ఫీజు అందరూ కట్టే ఫీజే. యజమానితో సూటిగా మాట్లాడండి, మాట వినకపోతే జిమ్ము మార్చండి.

ప్రశ్న: గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుణ్ణి. వయసు 44. యువకుడిగా ఉన్నప్పుడు బాడీబిల్డింగ్ చేశాను, మళ్లీ జిమ్ములో చేరాను. ఈసారి బలం కోసం చేయాలనుకుంటున్నాను. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. మూడు షిఫ్టుల డ్యూటీ. నాకు ఇది కుదురుతుందా?
— ఒక కార్మికుడు, గోదావరిఖని

జవాబు: కుదురుతుంది, కానీ హన్మకొండ పాఠకునికి చెప్పిన పట్టిక మీకు వర్తించదు. ఊపిరి బిగబట్టి గరిష్ఠ బరువు లేపే క్షణంలో ఆరోగ్యవంతులకు కూడా పై బీపీ 300 దాటుతుందని కొలతల్లో తేలింది. కాబట్టి ముందుగా మీ వైద్యునికి ఏం చేయబోతున్నారో వివరంగా చెప్పి, ఈసీజీ తీయించుకుని, బీపీ అదుపులో ఉన్నదని ఆయన ఒప్పుకున్న తరువాతే మొదలుపెట్టండి. 60 నుంచి 75 శాతం బరువులతో ఐదు నుంచి ఎనిమిది రెప్స్ చేయండి, బరువు లేపుతున్నప్పుడు ఊపిరి వదలండి, ఒక్క రెప్పు గరిష్ఠ పరీక్ష జోలికి పోకండి. తల తిరిగినా, ఛాతీలో బరువుగా అనిపించినా ఆ రోజుకు ఆపి ఆసుపత్రికి వెళ్లండి. చాలామంది అడిగే నడుము బెల్టు గురించి ఇక్కడే చెబుతాను. అది పొట్టను మరింత బిగించడానికి పనికివచ్చే సాధనం, నడుముకు కవచం కాదు. అది లోపలి ఒత్తిడిని పెంచుతుంది కనుక మీకు వద్దు.

40 దాటినవారికి పోటీల్లో మాస్టర్స్ విభాగం ఉన్నది కాబట్టి వయసు అడ్డం కాదు. మీకు అసలు ఇబ్బంది షిఫ్టులతోనే. వారానికి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు చాలు. ఫస్టు షిఫ్టు వారంలో సాయంత్రం, సెకండు షిఫ్టు వారంలో డ్యూటీకి నాలుగు గంటల ముందు చేయండి. నైటు షిఫ్టు వారంలో బరువులను పదో వంతు తగ్గించి ఒక్కరోజుతో సరిపెట్టుకోండి. నైటు దిగిన ఉదయం మాత్రం రాడ్డును ముట్టుకోకండి. ఇంటికి వెళ్లి, తిని, చీకటి గదిలో ఏడు గంటలు పడుకుని, మరునాడు రండి.